వెచ్చబడిన వేళ్ళు

ఆ పొద్దున కూడా మేస్త్రీ చొక్కా గుండీలు తనే పెట్టుకున్నాడు.

భార్య గుమ్మంలో నిలబడి చూసింది. గుండె జబ్బు వచ్చి మాత్రలు మొదలైన దగ్గర్నుంచీ ఆ గుండీలు పెట్టేది ఆమే. అతని వేళ్ళు చల్లబడి, మొద్దుబారి, గుండీ మీద నిలిచేవి కావు. కొన్నాళ్ళుగా ఆమె చేతులతో అతనికి పని లేకుండా పోయింది.

"నేను పెడతానుగా," అంది.

"అయిపోయింది."

"పెళ్ళికొడుకులా ముస్తాబయ్యారు. వెళ్ళేది ఆసుపత్రికేగా."

మేస్త్రీ అద్దం ముందు నుంచి తప్పుకున్నాడు.

మంచం మీద పెట్టె నోరు తెరుచుకుని ఉంది. అందులో ఉన్ని చొక్కాలు, చెవులు మూసే టోపీ, కొత్త గ్లౌజులు. ఆ వీధిలో ఎవరూ తొడుక్కోని బట్టలు. ఎల్లుండి ప్రయాణం. అతను వెళ్ళే చోట ఏడాదిలో సగం రోజులు నేల కనపడదట. అంతా మంచే.

అక్కడ అతని మొదటి భార్య మంచం పట్టి ఉంది. చంటిపిల్లను ఎత్తుకుని, గనుల్లో పనిచేసే అన్న దగ్గరికి వెళ్ళిపోయిన మనిషి. చేపల కోల్డ్ స్టోరేజీ మేస్త్రీ చలి చాలక ఇంకా చలిలోకి పోయిందని అప్పట్లో వీధివాళ్ళు నవ్వుకున్నారు. ఇప్పుడు ఆ పిల్ల ఫోను చేసి, అమ్మ నిన్ను చూడాలంటోంది నాన్నా అంది. మేస్త్రీ వస్తానన్నాడు. ఇంట్లో ఒక్కరినీ అడగలేదు.

ఈ పూట డాక్టరు చూసి, ఈ మనిషి చలిదేశం వెళ్ళవచ్చని రాసివ్వాలి. రాసిస్తేనే విమానం ఎక్కనిస్తారు.

భార్య వంటింట్లోకి వెళ్ళింది. కొడుకు బస్సు డ్యూటీకి తయారై, చొక్కా జేబులో విజిలు పెట్టుకుని, నిలబడే టీ తాగుతున్నాడు.

"నాన్నేమంటాడు?"

"ఏమంటారు. గుండీలు పెట్టుకున్నారు."

"అదేం మాటమ్మా?"

"ఏం లేదు. టీ చల్లారిపోతుంది, తాగు."

కొడుకు గొంతు తగ్గించాడు. "నేను చెప్పింది చెయ్యి. డాక్టరు అడిగినప్పుడు, నిన్న ఛాతీలో నొప్పి అన్నాడని చెప్పు. ఒక్క మాట చాలు. పెన్ను పక్కన పెట్టేస్తాడు."

"నొప్పి అనలేదుగా."

"వచ్చినా మనతో అంటాడా? ఇల్లు తగలబడిపోతుంటే, ఇవాళ కాస్త వేడిగా ఉందే అని ఊరుకునే మనిషి."

"నేను అబద్ధం చెప్పి ఆపను."

"అబద్ధం చెప్పవు. మొన్న డాక్టరు కాళ్ళావేళ్ళా పడటానికి మాత్రం వెళ్ళావు."

"మెల్లగా."

"ఏం మెల్లగా. నాన్నకి తెలియకుండా వెళ్ళి, రాసివ్వొద్దని బతిమాలావు. ఆయనేమన్నాడు? మాత్రలు తప్పకుండా వేసుకుని, మెట్లెక్కకుండా, బరువులు మోయకుండా, గాలిలో నిలబడకుండా ఉంటే వెళ్ళొచ్చమ్మా అన్నాడు. తల ఊపి వచ్చేశావు."

"ఆ సంగతి మీ నాన్నకి తెలియకూడదు."

"తెలిస్తే ఏమవుతుంది? నీతో మాట్లాడటం మానేస్తాడా? ఇప్పుడు మాట్లాడి చచ్చేది ఏముంది కనుక."

ఆమె గిన్నె తోమడం మొదలుపెట్టింది. తోమిన గిన్నెనే మళ్ళీ తోమింది.

"అక్కకి ఇప్పుడు నాన్న కావలసివచ్చాడు," అన్నాడు కొడుకు. "గుండెపోటు వచ్చిన రోజు ఆటో కోసం రోడ్డు మీద పరిగెత్తింది ఎవరో అక్కకి తెలీదు."

"దానికి తెలియాల్సిన పని లేదు. నువ్వు డ్యూటీకి పో."

కొడుకు వెళ్ళిపోయాడు. వెళుతూ తండ్రి గది వైపు చూడలేదు.

ముందు గదిలో ఫోను మోగింది. ఆమే ఎత్తింది.

"పిన్నీ, నేను. నాన్న ఉన్నారా?"

"స్నానం చేసి కూర్చున్నారు. ఆసుపత్రికి బయలుదేరుతున్నాం."

"ఇక్కడ రెండు రోజులుగా గాలి ఎక్కువగా ఉంది పిన్నీ. ముక్కూ నోరూ కప్పుకునే గుడ్డ మర్చిపోవద్దని చెప్పండి. మాటల్లో చెప్పలేను ఈ గాలి."

"మీ నాన్నకి చలి గురించి నువ్వు చెప్పాలా? చేపల కోల్డ్ స్టోరేజీలోనే పుట్టినట్టు మాట్లాడతారు."

"నాన్న చూసిన చలికి తలుపు ఉంది పిన్నీ. ఇక్కడ తలుపు లేదు. బయటికి రావడానికి వేరే చోటు లేదు."

"అంత తెలిసిన దానివి ఎందుకు రమ్మన్నావు?"

"నేను రమ్మనలేదు. అమ్మ అడిగిందని చెప్పాను, అంతే. మీరు వద్దంటే ఆపండి. నేనేమీ అనుకోను."

"నువ్వేమీ అనుకోవు. అనుకునేది ఆయన."

"పిన్నీ."

"ఏంటి?"

"మిమ్మల్ని కష్టపెట్టాలని కాదు."

ఆమె ఫోను బల్ల మీద పెట్టింది. ఆ పిల్ల గొంతు అచ్చం మేస్త్రీ గొంతే. మాట మధ్యలో ఆగి, ఆగిన చోటునుంచి కాక ఇంకో చోటునుంచి మొదలుపెట్టడం కూడా. అది ఆమెకు ఇంతకుముందు తట్టలేదు.

పెట్టె సర్దుదామని మంచం దగ్గరికి వచ్చింది. ఉన్ని గ్లౌజులు ఒకదానిలో ఒకటి దూర్చి పెడితే చోటు కలిసి వస్తుంది. కుడిచేతిది పట్టుకుంది. వేలి చివర ఏదో గట్టిగా తగిలింది. పక్క వేలిలోనూ తగిలింది.

గ్లౌజును దుప్పటి మీద బోర్లించి దులిపింది.

చిన్న తెల్ల మాత్రలు రాలాయి. కొన్ని తడికి అంచులు కరిగి ఉన్నాయి. రోజూ పొద్దున అతని అరచేతిలో ఆమె స్వయంగా పెట్టే మాత్రలు. నీళ్ళ గ్లాసు అందించి, అతను తల వెనక్కి వంచగానే, ఆమె పని చూసుకోవడానికి తిరిగిపోయేది.

మేస్త్రీ చెప్పులు తొడుక్కుంటూ తల ఎత్తాడు. చూశాడు. మళ్ళీ చెప్పు పట్టీ వైపు వంగాడు.

"ఇవేంటి?"

"తెలుసుగా."

"ఇవి ఉండాల్సింది మీ కడుపులో."

"చేతులు చల్లబరుస్తాయవి."

"చల్లబడితే చల్లబడనివ్వండి. నేను లేనా?"

"అక్కడ నువ్వు ఉండవు."

ఆమె మంచం అంచున కూర్చుంది. అతను రెండో చెప్పు వేసుకున్నాడు.

"స్టోరేజీలో నా పద్ధతి నీకు తెలుసు," అన్నాడు.

తెలుసు. అక్కడ పనిచేసిన ప్రతివాడికీ తెలుసు. చేపల పెట్టెలు పేర్చే మనుషులు మంచుగదిలోంచి బయటికి రాగానే మేస్త్రీ తలుపు దగ్గర నిలబడేవాడు. ఒక్కొక్కడూ తన చొక్కా పై గుండీ తనే విప్పి, తనే పెట్టుకుని చూపించాలి. తడబడినవాణ్ణి ఆ పూట మళ్ళీ లోపలికి పంపేవాడు కాదు. యజమాని వచ్చి అరిచినా, లారీలు బారులు తీరినా పంపేవాడు కాదు. అతని చేతికింద పనిచేసినవాళ్ళలో ఎవరికీ చలికి వేలు పోలేదు. ఆ ఒక్క మాట అతను గర్వంగా చెప్పుకునేవాడు. అది కూడా ఎవరైనా అడిగితేనే.

"మొద్దువేళ్ళతో ఎవడినీ లోపలికి పంపలేదు నేను," అన్నాడు. "నన్ను నేను పంపుకుంటానా?"

"అది పెట్టెలు మోసే కుర్రాళ్ళ సంగతి. మీది గుండె."

"బాగానే ఉంది. ఇదుగో." పై గుండీ విప్పి, చటుక్కున పెట్టుకుని చూపించాడు.

"చూశాను. వేళ్ళు బాగున్నాయి. లోపలున్నది ఎవరు చూశారు?"

"మాత్ర మానిన దగ్గర్నుంచీ వేళ్ళు వెచ్చగా ఉంటున్నాయి. ఒంట్లో వేడి తిరుగుతున్నట్టేగా."

"డాక్టర్ని అడిగితే మీ సొమ్మేం పోయింది? మాత్ర మార్చి ఇచ్చేవాడేమో."

"మారుస్తాడు. మార్చి, నెల ఆగి రమ్మంటాడు. అక్కడ నెల ఉందా?"

అక్కడ. అంటే ఆవిడ దగ్గర. వీధిలో ఎవరో సైకిలు స్టాండు వేసిన చప్పుడు వినిపించింది.

"వెళ్ళి ఆవిడకి ఏం చెబుతారు?"

"ఏం లేదు."

"ఏం లేకుండానే అంత దూరమా?"

"కాసేపు కూర్చుంటాను."

"నా దగ్గర ఎప్పుడు కూర్చున్నారు?"

మేస్త్రీ లేచి నిలబడ్డాడు. కిటికీ రెక్క మూయనక్కర లేదు, అయినా మూశాడు.

ఆమె ఒక మాత్ర తీసి, గ్లాసులో నీళ్ళు పోసి ముందు పెట్టింది. "ఈ పూటకి వేసుకోండి. నా కోసం కాదు. మంచుదేశంలో మీకేమన్నా అయితే ఆ పిల్ల ఒంటరిగా ఎవర్ని పిలుచుకుంటుంది?"

"వచ్చాక వేసుకుంటాను."

"నేను డాక్టరుకి చెబుతాను."

"చెప్పు," అన్నాడు. గొంతు పెంచలేదు. "నీకు కావలసిందీ అదేగా."

ఆమె చెయ్యి గ్లాసు మీదే ఆగిపోయింది.

అతను అన్నదాంట్లో తప్పు లేదు. ఆమెకు కావలసింది అదే. అందుకే ఆ మాట ఇక ఆమె నోట చెల్లదు. చెప్పకపోతే మనిషి పోవచ్చు. చెబితే, కుళ్ళుకుని ఆపిందన్న మాట మిగిలిపోతుంది. అక్కడ ఆవిడ పోయాక ఈ ఇంట్లో ఆ మాట ఒక్కటే ఉంటుంది, వాళ్ళిద్దరిలో ఎవరో ఒకరు పోయేదాకా.

మాత్రలు ఏరి రుమాలులో మూట కట్టి సంచీలో వేసుకుంది. నీళ్ళు తనే తాగేసింది.

బస్సులో ఒకే సీటులో కూర్చున్నారు. మేస్త్రీ కిటికీ పక్కన. అతను పిడికిలి మూస్తూ తెరుస్తూ ఉన్నాడు. టికెట్టు ఇచ్చిన కండక్టరు పరిచయస్థుడే.

"ఏం మేస్త్రీ, మంచు చూడటానికి వెళుతున్నారట. ఇన్నేళ్ళూ చూసింది చాలలేదా?"

"అది మనం చేసిన మంచు," అన్నాడు మేస్త్రీ.

కండక్టరు నవ్వాడు. ఆమె నవ్వలేదు.

ఆసుపత్రిలో పెద్దసేపు కూర్చోవలసిన పని పడలేదు. డాక్టరు వాళ్ళకన్నా చాలా చిన్నవాడు. మర్యాద తెలిసినవాడు. అయితే ఆ పొద్దున అప్పటికే ఎంతోమందితో మాట్లాడి అలిసిపోయి ఉన్నాడు. మేస్త్రీ జబ్బకు పట్టీ చుట్టి గాలి కొట్టాడు. మణికట్టు పట్టుకుని గోడ గడియారం వైపు చూశాడు.

"నాడి కొంచెం వేగంగా ఉంది. నడిచి వచ్చారా?"

"బస్సులో."

"ఛాతీలో బరువు, ఆయాసం ఏమైనా?"

"లేవు."

"మాత్రలన్నీ రోజూ వేసుకుంటున్నారుగా?"

"ఆ."

డాక్టరు పెన్ను తీశాడు. కాగితం ముందుకు లాక్కున్నాడు. రాయబోతూ, అలవాటు కొద్దీ ఆమె వైపు తిరిగాడు. "ఏమ్మా, వేసుకుంటున్నారా?"

ఆమె సంచీని రెండు చేతులతో పట్టుకుంది. మేస్త్రీ ఆమె వైపు చూడలేదు. గోడ మీద గుండె బొమ్మ ఉంది. దాన్ని చూస్తున్నాడు.

"చిన్న తెల్ల మాత్ర వేసుకోవడం లేదు," అంది.

డాక్టరు పెన్ను ఆపాడు.

"ఎప్పటినుంచి?"

"వేసుకుంటున్నాను," అన్నాడు మేస్త్రీ.

ఆమె తిరిగి అతని మొహంలోకి చూసింది. అతను ఆమెతో అబద్ధం ఆడిన గుర్తు లేదు. తక్కువ మాట్లాడే మనిషి కనుక ఇన్నాళ్ళూ అవసరం రాలేదు కాబోలు. ఇప్పుడు వచ్చింది. ఎంత తేలిగ్గా వచ్చింది.

రుమాలు విప్పి బల్ల మీద పెట్టింది. "కొత్త గ్లౌజులో దాచారు. వేళ్ళు చల్లబడతాయట దీనితో. చలిలోకి వెళ్ళాలి కనుక మానేశారట."

డాక్టరు మాత్రలు చూశాడు. మేస్త్రీని చూశాడు.

"డబ్బాలోంచి ఎవరైనా తియ్యొచ్చు," అన్నాడు మేస్త్రీ. "నేను వెళ్ళడం ఆమెకి ఇష్టం లేదు. మీరే అడగండి."

"అడగక్కర్లేదు," అన్నాడు డాక్టరు విసుగ్గా. "అమ్మా, మొన్న మీరు ఒక్కరే వచ్చినప్పుడే చెప్పాను. మీ ఇంటి తగాదా నా బల్ల మీదకి తేవద్దని. రాసివ్వొద్దని అప్పుడు అడిగారు. ఇవాళ మాత్రలు పట్టుకొచ్చారు. నేనేమనుకోవాలి?"

మేస్త్రీ మెల్లగా ఆమె వైపు తిరిగాడు.

"మొన్నా?"

డాక్టరుకు తను అనకూడని మాట అన్నట్టు తెలిసింది. రాయకుండానే పెన్ను మూత పెట్టాడు.

"చూడండి," అన్నాడు మేస్త్రీతో, ఈసారి నెమ్మదిగా. "ఎవరి మాట నిజమో నాకు తెలీదు. ఈ మాత్ర మాత్రం ఉన్నట్టుండి మానకూడదు. మానితే గుండె పగ్గం తెగినట్టు పరిగెడుతుంది. ఆ పైన చలి. చలికి నాళాలు ముడుచుకుంటాయి. ముడుచుకున్న నాళాల్లోకి రక్తాన్ని తొయ్యాలంటే అదే గుండె ఇంకా బలంగా కొట్టుకోవాలి. చేతులు చల్లబడుతున్నాయంటే నాతో చెప్పాలి. దానికి వేరే ఉపాయం చూస్తాను. మీ అంతట మీరు చూసుకోకూడదు. చేతులు చల్లబడుతున్నాయా?"

"లేదు," అన్నాడు మేస్త్రీ. "వెచ్చగా ఉన్నాయి."

అది అబద్ధం కాదు. అదే ఆమె చెబుతున్నదానికి సాక్ష్యం. డాక్టరుకు ఆ సంగతి తట్టలేదు. ఆమె చెబుదామనుకుంది. ఇప్పుడు ఏం చెప్పినా మొన్నటి మాట దాని ముందు వచ్చి నిలబడుతుంది.

"పై అంతస్తులో ఈసీజీ తీయించుకుని రండి," అన్నాడు డాక్టరు. "యంత్రానికి మొగుడూ పెళ్ళాల గొడవలు పట్టవు. అది చూసి రాస్తాను, అవుననో కాదనో. లిఫ్టులో వెళ్ళండి. మెట్లు వద్దు."

మేస్త్రీ లేచాడు. ఆమె మాత్రలు మళ్ళీ మూట కట్టుకునేసరికి అతను గది దాటాడు.

లిఫ్టు దగ్గర చక్రాల మంచం మీద రోగిని పెట్టుకుని నలుగురు నిలబడి ఉన్నారు. మేస్త్రీ ఆగలేదు. పక్కనే ఉన్న మెట్ల వైపు తిరిగాడు.

"లిఫ్టులో వెళ్ళమన్నారు," అంది ఆమె వెనకనుంచి.

అతను ఎక్కుతూనే ఉన్నాడు. స్టోరేజీలో తలుపు మూసుకుపోతోందంటే నడిచినట్టు నడుస్తున్నాడు. ఆమె సంచీ భుజానికి తగిలించుకుని వెనకే ఎక్కింది. ఎదురొస్తున్న ఆయా ఒకతె పక్కకు తప్పుకుని, ఇద్దరినీ చూసి, ఏమీ అడక్కుండా దిగిపోయింది.

మలుపు దగ్గర మేస్త్రీ ఆగాడు.

ఒక చెయ్యి కడ్డీ మీద వేశాడు. వెనక్కి తిరగలేదు.

"మొన్నంటే ఎప్పుడు వెళ్ళావు ఆయన దగ్గరికి?"

ఆమె రెండు మెట్లు కింద నిలిచిపోయింది. అక్కడ ఎండ లేదు, ఉక్కపోత లేదు. అయినా అతని మెడ వెనక చెమట పట్టి చొక్కా అంచు తడిసింది.

"నొప్పిగా ఉందా?"

"ఎప్పుడు వెళ్ళావని అడిగాను."

మాటకూ మాటకూ మధ్య ఊపిరి తీసుకుంటున్నాడు. ఆ ప్రశ్న అడగడానికి ఆగాడో, ఆగిపోయినందుకు ప్రశ్న వెతుక్కున్నాడో ఆమెకు తెలియలేదు. అతనితో ఇన్నేళ్ళు బతికి కూడా తెలియలేదు.

"కూర్చోండి," అంది. "ఇక్కడే, మెట్టు మీద. కూర్చుంటే అంతా చెబుతాను."

"నువ్వు చెప్పు," అన్నాడు మేస్త్రీ, కడ్డీ వదలకుండా. "విన్నాక కూర్చుంటాను."